గోకుడు మేడ

దర్శి నుంచి పొదిలి పోయే దారిలో, రోడ్డుకి కొంచెం లోపలగా ఉన్న ఒక ఊళ్ళో ఆ మేడ ఉంది. ఊరి పేరు చెప్పను. మేడని మాత్రం చుట్టుపక్కల అందరూ గోకుడు మేడ అనే పిలుస్తారు.

రాత్రిపూట అందులో ఎవరో గోడ గోకుతారట.

మిరపకాయలు ఆరబోసుకుని కల్లాల్లో కాపలా పడుకునే రైతులు విన్నారు. పత్తి లోడుకొచ్చి లారీ ఆపుకున్న డ్రైవర్లు విన్నారు. తాళం వేసిన ఇల్లు. లోపల దీపం ఉండదు, మనిషి అలికిడి ఉండదు. ఊరు సద్దుమణిగాక మొదలవుతుంది — కర్... కర్... కర్... గోరుతో సున్నం గీరినట్టు. కాసేపు ఆగుతుంది. మళ్ళీ మొదలు. తొలికోడి కూసేసరికి ఏమీ ఉండదు.

ఎలుకలన్నారు కొందరు. గబ్బిలాలన్నారు కొందరు. అన్నవాళ్ళలో ఒక్కరు కూడా లోపలికి పోయి చూసి రాలేదు.

ఇదంతా నాకు షానవాజ్ చెప్పాడు. మాది పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ. షానవాజ్‌ది పొదిలి. గార పని చేస్తాడు. పాత ఇళ్ళ గోడల మీద, కప్పుల కింద సున్నంతో తీగలూ చిలకలూ పూలగుత్తులూ ఉంటాయి చూడండి, ఆ పని. ఇప్పుడు కొత్తగా చేయించుకునేవాళ్ళు లేరు. అందుకని, ఏళ్ళ తరబడి వేసిన రంగుల కింద పూడుకుపోయిన పాత బొమ్మల్ని బయటికి తీసి బాగుచేస్తుంటాడు. సున్నం నా దగ్గరే తీసుకెళ్తాడు. అబద్ధమాడే మనిషి కాదు. అసలు ఎక్కువ మాట్లాడే మనిషే కాదు. పోయిన వేసవిలో సున్నానికని వచ్చి, బస్తాలు ఎత్తించుకోకుండా మా షెడ్డులో ఓ మూల కూలబడి, పొద్దుగూకే దాకా ఈ ఒక్క సంగతే చెప్పాడు.

ఆ మేడ శివపార్వతమ్మ గారిది. ఎనభై ఏళ్ళుంటాయి ఆవిడకి. భర్త పోయాడు, పిల్లల్లేరు. మేడకి తాళం పెట్టి, వెనక దొడ్లో రెండు గదుల డాబా వేసుకుని ఉంటోంది. తోడుకి కోటేశ్వరి అనే ఆవిడ. శివపార్వతమ్మ గారి కళ్ళకి నీటికాసులు కమ్మాయి. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేం ఆనవు.

మేడని ఆవిడ ఊరికి రాసిచ్చింది. ఆడపిల్లలు కూర్చుని చదువుకోవడానికి లైబ్రరీ పెట్టమంది. ఇచ్చేముందు గోడల్ని పాత రూపానికి తెమ్మని షానవాజ్‌కి కబురు పంపింది.

"మా నాన్న కట్టించినప్పుడు ఎలా ఉందో అలా తీసుకురా నాయనా" అంది.

అతను సరేనని లేవబోతుంటే మళ్ళీ పిలిచింది. గొంతు తగ్గించి — "మెట్ల మలుపు దగ్గర గోడుంది చూడు... అది మాత్రం నీ చేత్తోనే తియ్యి. ఇంకెవరికీ వదలొద్దు."

ఎందుకని ఇతను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఫిబ్రవరి నెల. కల్లాల నిండా మిరపకాయలు. ఊళ్ళో అడుగుపెడితే చాలు, గొంతులో ఘాటు పట్టుకునేదట. షానవాజ్, వాళ్ళ మేనమామ నాగూర్ వలి — ఇద్దరే పనిలోకి దిగారు. వలి అరవై ఏళ్ళవాడు, ఈ పనిలో ఆరితేరినవాడు. రాత్రుళ్ళు మేడ ముందు వరండాలోనే మంచాలు వేసుకున్నారు.

అన్నం క్యారేజీ తెచ్చిన కోటేశ్వరి మొదటి రోజే చెప్పింది. "మేస్త్రీ గారూ, మీరు డాబా మీద పడుకోండి. మేం కింద సర్దుకుంటాం. ఇక్కడొద్దండీ."

"ఏమవుద్దమ్మా?" అన్నాడు వలి నవ్వుతూ.

"ఏమీ అవదు. వినపడుద్ది. అంతే."

ముందు హాలు కప్పు పని పట్టుకున్నారు. అక్కడ రంగు మూడు నాలుగు పొరలకి మించి లేదు. పది రోజుల్లో పూలదండ మొత్తం బయటపడింది. ఆ పది రోజులూ వాళ్ళకి ఏ చప్పుడూ వినపడలేదు. కోటేశ్వరిని ఆటపట్టించేవాడు వలి.

పదకొండో రోజు సాయంత్రం మెట్ల మలుపు దగ్గరికి వెళ్ళారు.

రంగు కింద బొమ్మ ఎక్కడుందో పగటి వెలుతురులో తెలియదు. బాగా చీకటి పడ్డాక, గోడకి దగ్గరగా లైటు పెట్టి పక్కవాటుగా వెలుగు వేస్తే, ఏ కాస్త ఉబ్బెత్తు ఉన్నా దాని నీడ పడుతుంది. అలా వేశాడు షానవాజ్.

మనిషి తల ఎత్తులో, గుండ్రంగా ఒక నీడ తేలింది.

దాని కింద, నడుం ఎత్తు దాకా గోడ చదును చేసి ఉంది. సిమెంటు పూత. గట్టిగా, రాయిలా ఉంది. చుట్టూ ఉన్నదంతా సున్నం గార, ఆ ఒక్క చోటే సిమెంటు. ఎవరో దేన్నో కావాలని కప్పెట్టారు.

పైనున్న ఆ గుండ్రటి చోట ఒక అంగుళం మేర బ్లేడుతో పొర పొరగా తీసి చూశాడు. ఆకుపచ్చ. దాని కింద నీలం. మళ్ళీ ఆకుపచ్చ. గచ్చకాయ రంగు. మళ్ళీ నీలం... లెక్కపెట్టాడు. ఇంట్లో మిగతా గోడలకి నాలుగు పొరలుంటే, ఆ ఒక్క చోట పన్నెండు!

ప్రతి పొర మీదా గీతలున్నాయి.

నాలుగేసి గీతలు, పక్కపక్కన, పైనుంచి కిందికి. ఒక పొర మీద గీతలు. వాటిని పూడుస్తూ ఇంకో రంగు. దాని మీద మళ్ళీ గీతలు. మళ్ళీ రంగు. ఏ పనిముట్టు పెడితే అలాంటి గీత పడుతుందా అని ఆలోచిస్తూ ఏడో పొర తీస్తుంటే, నీలం రంగులో అంటుకుపోయి ఏదో తెల్లగా మెరిసింది. సన్న పట్టకారుతో తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

విరిగిన గోరు ముక్క. సన్నగా, నెలవంకలా.

వలి దాన్ని చూశాడు. తర్వాత లైటు తనే ఆర్పేసి, "పద, పడుకుందాం" అన్నాడు.

ఆ రాత్రి వినపడింది.

కర్... కర్... కర్...

వరండాలోకి స్పష్టంగా వస్తోందట. తొందర లేదు. కోపం లేదు. పసిపిల్లకి వీపు నిమురుతూ జో కొడుతుంటే చెయ్యి ఒక తూగులో పడుతుంది చూడండి — అలా ఉంది. "భయం తర్వాత వేసింది అన్నా," అన్నాడు షానవాజ్ నాతో. "ముందైతే, ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు."

ఇద్దరూ మంచాల మీద కళ్ళు తెరుచుకునే పడుకున్నారు. ఒకరు మెలకువగా ఉన్నట్టు ఇంకొకరికి తెలుసు.

తెల్లారాక వెళ్ళి చూస్తే — షానవాజ్ అంగుళం మేర తీసి వదిలిన చోట, అరచెయ్యంత మేర పన్నెండు పొరలూ పోయి ఉన్నాయి. కింద తెల్లటి గార. నుదురు. చిన్నపిల్ల నుదురు. మధ్యలో పాపిట, అటూ ఇటూ దువ్విన జుట్టు. ఎక్కడా బ్లేడు పడిన గుర్తు లేదు. అంత శుభ్రంగా తియ్యాలంటే షానవాజ్‌కి రెండు రోజులు పడుతుంది.

"నువ్వు లేచావా రాత్రి?" అన్నాడు వలి.

"లేదు మామా. నువ్వు?"

వలి సంచి సర్దుకున్నాడు. "ఇది మన పని కాదురా. ఎవరిదో మధ్యలో ఆగిపోయిన పని. మనం వేలు పెట్టకూడదు. నువ్వూ వచ్చెయ్" అన్నాడు.

షానవాజ్ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నేనూ అడిగాను. "ఆ నుదురు చూశాక ఎలా వెళ్ళను అన్నా? మిగతా మొహం లోపలే ఉందిగా."

రెండో రాత్రి ఒక్కడే వరండాలో పడుకున్నాడు. మళ్ళీ అదే చప్పుడు. పొద్దున్నే చూస్తే కళ్ళూ, ముక్కూ, పెదాలూ, గడ్డమూ. ఎనిమిదీ తొమ్మిదేళ్ళ ఆడపిల్ల. దేవతా కాదు, అలంకారానికి పెట్టే బొమ్మా కాదు. ముందరి పన్ను కొంచెం వంకర. ఒక కనుబొమ ఇంకోదానికన్నా పైకి ఉంది. ఎవరో ఒక పిల్లని బాగా ఎరిగున్న మనిషి చేసిన మొహం అది. నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తోంది.

ఆ సాయంత్రం షానవాజ్ గడ్డం కింద సిమెంటు పూత మీద ఉలి పెట్టి చూశాడు. కదల్లేదు. సున్నం దెబ్బ తినకుండా ఆ సిమెంటు ఊడదియ్యాలంటే వారం పైన పడుతుంది. రేపటి నుంచి చూద్దామని వదిలేశాడు.

మూడో రాత్రి ఏదైతే అదైందనుకుని, అన్నం తిని, లైటు ఆర్పేసి, ఆ మలుపులోనే మెట్టు మీద కూర్చున్నాడు. ఆ గోడకే వీపు ఆనించి. వచ్చేది ఎవరైనా సరే తన పక్కనుంచే రావాలి.

చీకటి. తన చెయ్యి తనకే కనపడని చీకటి. కిటికీలోంచి మిరప ఘాటు. ఎక్కడో కల్లంలో కాపలావాళ్ళు దగ్గుతున్నారు. గంట గడిచింది. రెండు గంటలు. ఏ చప్పుడూ లేదు... ఎలుక కూడా లేదు. మూడు రాత్రుల నిద్ర కళ్ళ మీదికి వస్తున్నా, రెప్ప వాల్చలేదంటాడు.

అప్పుడు కింద తలుపు కిర్రుమంది.

అడుగులు. ఒక మెట్టు... ఆగింది. ఇంకో మెట్టు... ఆగింది. అరచెయ్యి గోడకి రాసుకుంటున్న చప్పుడు. ఊపిరి ఎగశ్వాసగా వస్తోంది. షానవాజ్ లోపల్లోపలే కలిమా చదువుకుంటున్నాడు. అడుగులు తన ముందుకొచ్చి ఆగాయి. తన తల మీదుగా ఒక చెయ్యి చాచి గోడని తడిమినట్టు తెలిసింది.

ఒక గొంతు, గుసగుసగా —

"అమ్మా... ఇక చాల్లే. వచ్చి పడుకో."

షానవాజ్ లైటు వేశాడు.

శివపార్వతమ్మ గారు. తెల్ల చీర, చేతికర్ర, జుట్టు విరబోసుకుని. వెలుగు కంట్లో పడి మొహం అటు తిప్పుకుంది.

"ఎవరు? నువ్వా నాయనా?"

అతను లైటు ఆవిడ కళ్ళకి తగలకుండా పైకి తిప్పాడు. భయం తగ్గాక కోపం కూడా వచ్చిందట. "మీరా మామ్మగారూ? రోజూ రాత్రి వచ్చి గోకుతోంది మీరా?"

"నేనా?" అంది ఆవిడ. "ఈ మెట్లెక్కి ముప్పై ఏళ్ళయింది నాయనా."

మెట్టు మీద చోటిచ్చి కూర్చోబెట్టాడు. చాలాసేపు ఆయాసపడింది. తర్వాత, అడక్కుండానే చెప్పింది.

"మా అక్క పేరు రాజ్యం. నేను ఎనిమిది నెలల పిల్లనప్పుడు మశూచికం వచ్చి పోయింది. అక్కకి తొమ్మిదేళ్ళు. అప్పటికి ఈ ఇల్లు కడుతున్నారు. ఫొటో లేదు. అలీ సాహెబ్ అని గార పని చేసే ఆయన ఉండేవాడట, అక్క ఎప్పుడూ ఆయన పని చూస్తూ ఇక్కడే తిరిగేదట. మా అమ్మ ఆయన కాళ్ళ మీద పడింది. మా పిల్ల మొహం గోడ మీద చెయ్యమని. చేశాడు.

"ఇక అమ్మ ఇక్కణ్ణుంచి కదల్లేదు. అన్నం ఇక్కడే, నిద్ర ఇక్కడే. నేను పాలకి ఏడుస్తుంటే పనివాళ్ళు ఎత్తుకునేవాళ్ళట. నాకు నాలుగేళ్ళొచ్చాయి, ఐదేళ్ళొచ్చాయి... అమ్మ గోడ వైపే. నేను పిలిస్తే ఇటు తిరిగేది కాదు. నన్ను ఆ బొమ్మ దగ్గరికి ఎవరూ రానిచ్చేవాళ్ళు కాదు. నాన్న చూసి చూసి, దాని మీద రంగు వేయించాడు. ఆయన చెడ్డవాడు కాదు నాయనా. కనపడకపోతే ఇటు తిరుగుతుందనుకున్నాడు."

ఆగింది.

"అమ్మ రాత్రి లేచి గోళ్ళతో గోకేది. తెల్లారేసరికి వచ్చి పడుకునేది. నాన్నకి తెలిసేది కాదు. నేను చెప్పేదాన్ని."

"మీరా?"

"నేనే. పొద్దున్నే నాన్న పక్కలోకి దూరి చెవిలో చెప్పేదాన్ని. నాన్నా, అమ్మ రాత్రి మళ్ళీ గోకింది అని. ఆయన ఎవర్నీ ఏమీ అనేవాడు కాదు. రంగు తెమ్మనేవాడు. అమ్మ మళ్ళీ గోకేది. నేను మళ్ళీ చెప్పేదాన్ని. అలా పన్నెండు పూతలు. నాకు ఆ పిల్ల మీద అంత కచ్చ. చచ్చిపోయి కూడా మా అమ్మని తీసుకుపోయిందని. చివరికి నాన్న సిమెంటు తెప్పించాడు. మొహం మీద మాత్రం పూయలేకపోయాడు, రంగే వేశాడు. కింద మొత్తం పూయించాడు. ఆ రాత్రి అమ్మ సిమెంటు మీద కూడా గోకింది. పొద్దున్న నేనే చూశాను. వేళ్ళన్నీ నెత్తురు. ఆ వానాకాలంలోనే పోయింది."

ఆవిడ తన వేళ్ళని తనే నిమురుకుంది.

"అప్పట్నుంచీ వింటున్నా. పెళ్ళయ్యాక విన్నా, మా ఆయన పోయాక విన్నా. ఇక పడలేక వెనక డాబా వేసుకున్నా. ఆ తర్వాత ఒక్కసారి కూడా మెట్లెక్కి రాలేదు. ఏ మొహం పెట్టుకుని రాను?"

"మరి ఇవాళ ఎందుకొచ్చారు మామ్మగారూ?"

"ఇవాళ చప్పుడు ఎప్పట్లా లేదు నాయనా. ఆపకుండా... గట్టిగా... రాతి మీద గీరుతున్నట్టు. రాత్రి అన్నాలైన దగ్గర్నుంచీ ఒకటే. ఇప్పుడు నేను దొడ్డి దాటే దాకా వినపడింది. అలిసిపోతోందని వచ్చా."

అన్నం తిన్న దగ్గర్నుంచీ షానవాజ్ ఆ గోడకి వీపు ఆనించుకుని కూర్చున్నాడు. ఉలుకూ పలుకూ లేని చీకట్లో. అతనికి చీమ చిటుక్కుమన్నది కూడా వినపడలేదు.

"మొహం బయటికొచ్చిందని కోటేశ్వరి చెప్పింది," అంది ఆవిడ. "నాకు కనపడదు కదా. చెయ్యి పెట్టి చూడొచ్చా?"

ఆవిడని లేపి, చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టాడు. ముడతలు పడ్డ వేళ్ళు పాపిట మీద నడిచాయి. నుదురు. ఎగిరిన కనుబొమ. ముక్కు. వంకర పన్ను దగ్గర బొటనవేలు ఆగింది. "నా పన్నూ ఇలాగే ఉండేది," అంది మెల్లగా. "ఎవరూ చెప్పలేదు నాకు."

వేళ్ళు గడ్డం దాటాయి. మెడ. జడ. ఆ జడ వెంట కిందికి... ఇంకా కిందికి.

"ఇదేంటి నాయనా?" అంది. "ఇక్కడ ఇంకో తల ఉంది. చిన్నది."

"లేదు మామ్మగారూ, అక్కడంతా సిమెం—"

లైటు కిందికి దించాడు.

సిమెంటు లేదు.

నడుం దాకా గోడంతా తెల్లగా తెరుచుకుని ఉంది. మెట్ల మీద బూడిదరంగు పొడి మేట వేసింది. షానవాజ్ తన ఒళ్ళు చూసుకున్నాడు. మోకాళ్ళ మీద పొడి. భుజాల మీద పొడి. తల విదిలిస్తే జుట్టులోంచి జలజలా రాలింది.

గోడ మీద, లంగా కట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల. చంకలో ఒక పసిబిడ్డ. బిడ్డ బరువుకి నడుం ఓ పక్కకి వంచి నిలబడింది. అలీ సాహెబ్ ఆ పిల్లని రోజూ ఎలా చూశాడో అలాగే చేసినట్టుంది. బిడ్డ పిడికిలి నిండా అక్క జడ.

"ఎవరు నాయనా? ఎవరిది ఈ తల?"

"మీదే మామ్మగారూ," అన్నాడు షానవాజ్. "అక్క చంకలో... మీరు."

ఆవిడ ఆ చిన్న పిడికిలిని పట్టుకుంది. తర్వాత ఆ బుల్లి తలని. తర్వాత దాని చుట్టూ వేసిన అక్క చేతిని — మోచేతి నుంచి వేళ్ళ దాకా, ఒక్కో వేలూ విడివిడిగా తడుముతూ. ఏడవలేదు.

తర్వాత గోడ మీంచి చెయ్యి తీసి, పక్కన ఖాళీగా ఉన్న మెట్టు వైపు తిరిగింది. చూపులేని కళ్ళతో అటే చూస్తూ, పసిపిల్ల అడిగినట్టు, మెల్లగా అడిగింది —

"వేళ్ళు నొప్పెడుతున్నాయా అమ్మా?"